కొలతల బుక్కు

అడ్రసుల నాగమయ్య కుంట అని రాసుకుంట
నీళ్ళెందుకొచ్చినయ్ అని ఎవల్నడగాలె?
కుంట తన జాగకు తాను వచ్చింది
రాత్రి పదకొండింటికి, గడప కింద నుంచి.

మోకాలు. నడుము. మిషను బల్ల.
నీళ్ళను గూడ టేపుతోనే కొలిచిన,
అలవాటు.
ముప్పై ఆరు అంగుళాల కాడ
కరెంటు పోయింది.

మూడో దినం తలుపు తోస్తే
దసరాకని కుట్టిన ఇరవై రెండు జాకెట్లు
ఒక్క రంగులకు వచ్చినయ్.
మిషను కడుపుల మట్టి,
మట్టిల ఎవలిదో ముక్కుపుల్ల శీల.
పదకొండేండ్ల కొలతల బుక్కు
చాయల ఎక్కువసేపు ముంచిన బిస్కెటు లెక్క
ఏళ్ళ నడుమ కూలిపోయింది.

ధైర్యంగుండు అన్నరు అందరు.
అది ఏ సైజుల దొరుకుతదో
ఎవలు చెప్పలే.

నష్టం రాసుకునెటాయన వచ్చిండు.
మిషను 'ఇంటి సామాను' కింద ఎక్కించిండు.
సామాను కాదు సారూ, అది నా పని అంటే
పనికి గడి లేదమ్మా అన్నడు.
మంచోడే పాపం, ఆయన బూట్లు గూడ తడిసి ఉన్నయి.

అన్నిటికన్న కష్టమైన గడపకే ముందు పోయిన.
బ్యాంకు సుగుణ మేడం, బిడ్డ నిశ్చితార్థం,
మగ్గం వర్కు జాకెటు, నాలుగు వేలు.
మేడం తిట్టలే. కూసో అనలే.
నెలకు ఐదు నూర్లు కడ్త అన్న నేను.
సరే, ఒకటో తారీఖు అన్నది.
మెట్లు దిగుతుంటె కాళ్ళల్ల బలమొచ్చింది.
అయ్యో అని ఉంటె
ఆ మెట్ల మీదనే కూలబడుదును.

కౌసర్ ఆపా అయితే నవ్వింది:
గుడ్డ పోతే పోయింది, ఒళ్ళుంది గద,
ఇంకోటి కుట్టు.

గోల్నాక మోయిన్ భాయ్ మిషనును
ముక్కలు ముక్కలు ఇప్పి కిరసనాయిల్ల నానేసిండు.
ఇనుమును తొందర పెట్టకు బేటీ,
దినాం ఒక చుక్క నూనె, పది తిప్పులు,
దారం ఎక్కియ్యకు.
గట్లనే చేసిన నెల రోజులు.
పొద్దున్నే లేచి
దారం లేని సూదితోని
పాత దుప్పటి మీద ఉత్త చిల్లులు.
పక్కింటోళ్ళు అనుకున్నరు
దీనికి ఆర్డర్లు వచ్చినయ్ అని.
ఆ చప్పుడు విని
నేను గూడ ఒకోసారి అట్లనే అనుకున్న.
కొన్ని దినాలు మాత్రం లేవలే.
మిషను తిరగలే, పొయ్యి ముట్టలే,
ఎందుకో అడుగకుండ్రి.

ఒకనాటి రాత్రి నిఖత్
నూరు పేజీల నోట్‌బుక్కు పట్టుకొని వచ్చింది.
పందొమ్మిదేండ్ల పిల్ల,
జీతమియ్యక మూడు నెలలు.
అక్కా, కండ్లు మూసుకో. నువ్వు చెప్పు, నేను రాస్త.

బుక్కు పోయింది గని ఏళ్ళు పోలే.
రూతమ్మ: కుడి బుజం అరంగుళం కిందికి,
నీళ్ళ క్యాన్లు మోసి మోసి.
సుగుణ మేడం: ముప్పై ఆరు అంటది,
ముప్పై ఎనిమిది రాయి,
లోపట గుడ్డ ఇడువు, ఇప్పుకోను పనికొస్తది.
కౌసర్ ఆపా: ఎడమ దిక్కు లోపట మెత్త,
ఆపరేషను అని రాయకు,
ఒక చిన్న పువ్వు గుర్తు పెట్టు,
మనకు తెలిస్తె సాలు.

తెల్లారెటాల్లకు అరవై ముగ్గురు
నా ఏళ్ళల్లకెంచి లేచి వచ్చి
కాగితం మీద నిలబడ్డరు.

ఇంకెవలు అన్నది నిఖత్.
అయిపోయిన్రు అన్న.
పిల్ల టేపు తీసి నా ఎనుక నిలబడ్డది.
నీదేది?

పదకొండేండ్లల్ల నా కొలత ఎన్నడు రాయలే.
పాత జాకెటు పరిచి
కంటి అంచనతోని కోసుకునేదాన్ని.

చేతులు లేపుమన్నది. లేపిన.
చల్లటి టేపు చుట్టు తిరిగి వచ్చి
ఒక కాడ ఆగింది.
పిల్ల జెరసేపు ఏం మాట్లాడలే.
పాత జాకెటు కన్న రెండంగుళాలు తక్కువ అక్కా,
రాయాల్నా?

రాయి అన్న.
పెన్సిలుతోని రాయి.